యాసిడ్ సీసా అక్కరలేని సింకు

హోసూరు వంటిళ్లలో సింకు సంగతి నీళ్లతో మొదలవుతుంది. ఒకే వీధిలో ఒక ఇంటికి హొగెనేకల్ నుంచి వచ్చే కావేరి నీళ్లు, పక్కింటికి బోరు నీళ్లు, మలుపులో ఉన్న అపార్ట్‌మెంటుకు ట్యాంకరు నీళ్లు. మంచినీళ్లు పడే సింకును నాలుగు రోజులు పట్టించుకోకపోతే జిడ్డు పడుతుంది, అంతే. ఉప్పునీళ్లు పడే సింకు వేరు. వారం తిరక్కుండానే కొళాయి మొదట్లో, జాలీ చుట్టూ, అంచుల వెంట తెల్లటి పెచ్చు కడుతుంది. సబ్బుకు లొంగదు, పీచుకు లొంగదు. గోటితో గీకితే కాస్త పొడి రాలుతుంది గానీ మచ్చ వదలదు. విసుగెత్తి బాత్రూమ్ కోసం తెచ్చిన యాసిడ్ సీసాను వంటింట్లోకి తెస్తారు. ఇక్కడ చాలా ఇళ్లలో సింకు దగ్గరికి ఘాటు రసాయనం వచ్చే దారి ఇదే.

దీనికి ఇల్లాలిని అనడానికి లేదు. హోసూరు, డెంకణికోట, శూలగిరి, కృష్ణగిరి అంతా గట్టి రాతినేల. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని, కొన్ని చోట్ల ఫ్లోరైడ్‌ను కూడా కరిగించుకుని పైకి వస్తుంది. ఆ ఫ్లోరైడ్ బెడద తీర్చడానికే కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు జపాను రుణంతో హొగెనేకల్ తాగునీటి పథకం కట్టారు. 2008లో శంకుస్థాపన చేసి, 2013లో ప్రారంభించారు. నీటి కఠినత్వం సంగతికొస్తే, తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మేలంటుంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. ఈ రెండంకెల నడుమ ఉన్న నీళ్లను తాగడానికి అభ్యంతరం లేకపోయినా, ఆరిన ప్రతి చుక్కా సింకు మీద సున్నం వదిలే పోతుంది. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లను పొదుపు కోసం గిన్నెలు కడగడానికి వాడే ఇళ్లలో ఈ పెచ్చు ఇంకా తొందరగా కడుతుంది. వడకట్టిన లవణమంతా ఆ నీళ్లలోనే ఉంటుంది కదా. ఆ నీళ్లు నేల తుడవడానికి మేలు.

ఘాటు మందులు లేకుండా సింకును శుభ్రంగా ఉంచడం సాధ్యమా అన్న ప్రశ్నకు నా జవాబు సాధ్యమేనని. ఇంటి సింకుకు యాసిడ్ చేసే పనిలో మెత్తటి మందులు చేయలేనిదంటూ దాదాపు ఏదీ లేదు. తేడా వ్యవధిలో ఉంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అర నిమిషంలో తినేసే సున్నాన్ని వెనిగర్ అరగంటలో కరిగిస్తుంది. కాస్టిక్ సోడా గంటలో తెరిచే గొట్టం, రోజూ నూనె తుడిచే అలవాటున్న ఇంట్లో అసలు మూసుకుపోదు. సీసాకు డబ్బిచ్చి మనం కొంటున్నది ఆ అరగంటనే. కాబట్టి ఏ పొడి, ఏ పులుపు అన్నదానితో పాటు ఆ అరగంట ఎవరు ఇవ్వాలన్నది కూడా ఈ సమీక్షలోకి రావాలి.

ముందు సింకు దేనితో చేసిందో చూసుకోవాలి. ఈ మాట చిట్కాలు చెప్పేవాళ్లు ఎందుకో వదిలేస్తారు. మొరసునాడనే ఈ సీమలోని పాత ఇళ్లలో వంటింటి మూల జలదారి ఉండేది. కింద కడప బండ, చుట్టూ నాలుగంగుళాల గట్టు, గోడలో కన్నం, అవతల పెరటి అరటి చెట్టు. ఆ తర్వాత కడప బండతోనే కట్టిన తొట్టి సింకులు వచ్చాయి, ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. కడప బండ నల్లగా, గట్టిగా కనిపిస్తుంది గానీ అది సున్నపురాయి జాతిది. కొళాయి మీది పెచ్చును కరిగించే పులుపు దేన్నైనా ఆ బండ మీద పోస్తే బండే కరుగుతుంది. మెరుపు పోయి తెల్లబారుతుంది, గరుకెక్కుతుంది, గరుకులో జిడ్డు ఇంకా పట్టుకుంటుంది. పాలరాయికీ, మొజాయిక్‌కూ ఇదే వర్తిస్తుంది. అలాంటి సింకు మీద నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ మూడూ నిషిద్ధం. సోడా, గోరువెచ్చటి నీళ్లు, పీచు చాలు. కృష్ణగిరి జిల్లాకు పేరు తెచ్చిన గ్రానైట్ ఇందుకు భిన్నం. మెత్తటి పులుపులు దాన్ని ఏమీ చేయలేవు. అయితే పలకల మధ్య అతుకుల్లో ఉండే సిమెంటు మాత్రం పులుపుకు కరుగుతుంది. గ్రానైట్ గట్టు మీద పులుపు వాడితే వెంటనే నీళ్లు పోసి తుడిచేయాలి.

స్టీలు సింకు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు కట్టే ఇళ్లలో ఎక్కువగా అదే. మంచి రకం సింకుకు వాడేది 304 రకం ఉక్కు. అందులో నూటికి 18 వంతులు క్రోమియం, 8 వంతులు నికెల్. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడనంత పలచటి పొర కడుతుంది. ఉక్కును తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే, గీత పడినా తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. దానికి బద్ధశత్రువు క్లోరైడ్. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఉన్నదీ, బ్లీచింగ్‌లో ఉన్నదీ, మనం తినే ఉప్పులో ఉన్నదీ అదే. యాసిడ్ పోసిన సింకు ఆ రోజుకు తళతళలాడినా నెల తిరిగేసరికి సూదిమొన అంత గుంటలు, వాటిలో గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. ఒకసారి గుంట పడ్డాక దాన్ని పూడ్చే మందు లేదు. ఉప్పు కూడా రాత్రంతా సింకులో నానితే ఇదే పని చేస్తుంది. నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దడం మంచి చిట్కానే గానీ, రుద్దిన వెంటనే కడిగేయాలి. చవక సింకులు 202 రకం ఉక్కుతో వస్తాయి. వాటిలో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, తొందరగా మచ్చలు పడతాయి. అయస్కాంతం పెట్టి చూసి రకం తెలుసుకోవచ్చంటారు గానీ, మామూలుగా ఈ రెండు రకాలకూ అయస్కాంతం అంటదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి. ఇనుప పీచు వాడొద్దనడానికి కారణమూ తుప్పే. దాని తునకలు సింకులో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి, మనం సింకు తుప్పు పట్టిందనుకుంటాం.

ఇప్పుడు ఆ తెల్ల పెచ్చు. పాత నూలుగుడ్డ పీలికను వెనిగర్‌లో ముంచి, కాస్త పిండి, కొళాయి మొదట్లో పెచ్చు ఉన్నంతమేరా బిగించి చుట్టాలి. గుడ్డ, పెచ్చు మధ్య గాలి సందు ఉండకూడదు. రెండు నిమిషాలకు గుడ్డ అంచున సన్నటి బుడగలు లేస్తాయి. సున్నం కరిగి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్న గుర్తు అది. పది నిమిషాలకు బుడగలు తగ్గితే గుడ్డ మీద ఇంకో చెంచాడు పోయాలి. ఇరవై, పాతిక నిమిషాలకు గుడ్డ తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెచ్చు పెరుగు మీగడలా మెత్తగా వస్తుంది. వెంటనే నీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడవాలి. ముదిరిన పెచ్చు ఒక్కసారికి పోకపోతే మరో రోజు మళ్లీ చుట్టాలే తప్ప, రాత్రంతా అలాగే వదలకూడదు. కొళాయి మీది క్రోమ్ పూత దెబ్బతింటుంది.

ఈ పనికి మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది చింతపండు. కృష్ణగిరి సీమలో చింతచెట్టు లేని ఊరు అరుదు, చారు కాచాక మిగిలిన పిప్పి ప్రతి ఇంట్లో ఉంటుంది. చింతపండు గుజ్జులో నూటికి 8 నుంచి 18 వంతుల దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. రాగి చెంబు, ఇత్తడి బిందె మీది చిలుము వదిలించడంలో దానికి సాటి లేదు. కానీ సున్నం పెచ్చు విషయంలో అది వెనిగర్ కన్నా వెనకబడుతుంది. టార్టారిక్ ఆమ్లం కాల్షియంతో కలిస్తే నీళ్లలో సరిగా కరగని లవణం పుడుతుంది, అది మళ్లీ మసక పొరగా మిగిలిపోతుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కాల్షియంతో కలిస్తే పుట్టే లవణం నీళ్లలో బాగా కరుగుతుంది. అందుకే పలచటి మరకకు చింతపండు పిప్పి, మందపు పెచ్చుకు వెనిగర్. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, గ్లాసుడు వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపితే వెనిగర్ వాసన పడనివాళ్లకు అది చాలు.

వంటసోడా, వెనిగర్ కలిపి సింకులో పోసే చిట్కా ఇంటింటికీ పాకింది. బుసబుస పొంగడం చూసి మందు పనిచేస్తోందని నమ్ముతారు. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుంటే వచ్చే పొంగు అది. మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు, వాటికి జిడ్డును తీసే గుణమూ లేదు, సున్నాన్ని కరిగించే గుణమూ లేదు. పొంగే వేగానికి జాలీ దగ్గర వదులుగా ఉన్న చెత్త కాస్త కదలవచ్చు, అంతకు మించి ఆశించకూడదు. రెండూ మంచివే, విడివిడిగా వాడాలి. ముందు సోడాతో జిడ్డు తీసి, కడిగి, తర్వాత అవసరమైన చోట పులుపు. వంటసోడా పలుకు స్టీలు కన్నా చాలా మెత్తన, గీత పడదు. తడి సింకు మీద చల్లి, తడి పీచుతో ఉక్కు మీది సన్నటి గీతలు ఎటు నడుస్తున్నాయో అటే రుద్దాలి. ముదురు జిడ్డుకు బట్టల సోడా వేడినీళ్లలో కలిపి వాడవచ్చు. అది వంటసోడా కన్నా బాగా ఘాటైన క్షారం, చేతికి తొడుగు ఉండాలి, అల్యూమినియం పాత్రలకు తగలకూడదు.

జిడ్డు విషయంలో హోసూరుకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, మార్గశిర, పుష్య మాసాల్లో రాత్రులు బాగా చల్లబడతాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. నెయ్యి, వనస్పతి అంతకన్నా ముందే. మద్రాసులో గొట్టం దాటి పోయే నూనె, ఇక్కడ చలికాలంలో గొట్టం గోడకే అంటుకుంటుంది. దాని మీద అన్నం మెతుకు, దాని మీద కాఫీ గసి, ఇలా పొర మీద పొర. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ బయటపడింది, వారాల తరబడి పగలగొట్టి తీయాల్సి వచ్చింది. మన సింకు గొట్టంలో జరిగేదీ అదే, కొలత చిన్నది. దీనికి మందు సింకు దగ్గర లేదు, పొయ్యి దగ్గర ఉంది. పోపు బాణలినీ, నెయ్యి గిన్నెనూ కడిగే ముందు పాత పేపరుతో గానీ, కొన్ని ఇళ్లలో చేసినట్టు గుప్పెడు తవుడుతో గానీ తుడిచేస్తే నూటికి తొంభై పాళ్ల కష్టం అక్కడే తీరిపోతుంది. గొట్టంలోకి వేడినీళ్లు పోయడం మంచిదే, అయితే తెర్లుతున్న నీళ్లు పోయకూడదు. సింకు కింద ఉండేది పీవీసీ గొట్టం, మరిగే వేడికి మెత్తబడి అతుకులు వదులవుతాయి. చేతితో ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడి చాలు.

ఇక సంగటి గిన్నె. రాగి సంగటి తినే ఇళ్లలో బోకులు తోమేవాళ్లకు దీని సంగతి బాగా తెలుసు. ఆరిన సంగటి అట్టకట్టి, గీకితే తునకలుగా ఊడి, జాలీ కన్నాల్లో ఇరుక్కుంటుంది. గిన్నె ఖాళీ అయిన వెంటనే దానిలోనే నీళ్లు పోసి పక్కన పెట్టాలి. నానిన సంగటి ఆవు కుడితిలోకో, మొక్కలకో పోతుంది, సింకు దాకా రానే రాదు. టీ, కాఫీ మరకలకు తడిసోడా ముద్ద పూసి పావుగంట వదిలితే చాలు.

చాలా ఇళ్లలో తళతళలాడే సింకు కూడా వాసన వేస్తుంది. కారణం కనబడే చోట ఉండదు. జాలీని పైకెత్తి కింద ఉన్న రబ్బరు వాషర్‌ను వేలితో తడిమి చూడండి. బూడిదరంగు జిగురు వేలికి అంటుకుంటుంది, కుళ్లిన గుడ్డు వాసన దానిదే. సూక్ష్మజీవులు తమ చుట్టూ తామే అల్లుకున్న పొర అది. పైనుంచి ఏ మందు పోసినా దాని ఉపరితలాన్ని తడిపి కిందికి జారిపోతుంది. దాన్ని రుద్ది తీయాలి, వేరే మార్గం లేదు. జాలీ, వాషర్ విడదీసి, గిన్నెలు తోమే సబ్బు కాస్త పూసి, పాత టూత్‌బ్రష్‌తో వాషర్ కింది వైపునూ, గొట్టం నోటి లోపల వేలందినంత మేరా రుద్దాలి. సింకు కింద సీసాలా వేలాడే ట్రాప్ అడుగు మూతను, కింద బకెట్ పెట్టి చేత్తోనే తిప్పి తీయవచ్చు. అందులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండాలి, మురుగు వాసనను ఆపేది ఆ నీళ్లే. వేసవిలో ఊరికి పోయి వచ్చేసరికి ఇల్లంతా వాసన వేస్తుంటే ఆ నీళ్లు ఇంకిపోయాయన్నమాట. బకెట్ నీళ్లు పోస్తే సరిపోయేదానికి చాలామంది ఫినాయిల్ పోస్తారు.

స్పాంజి గురించి కూడా ఒక మాట. 2017లో జర్మనీ శాస్త్రజ్ఞులు వాడిన వంటింటి స్పాంజీలను పరీక్షిస్తే కొన్ని చోట్ల ఘన సెంటీమీటరుకు 5,000 కోట్లకు పైగా బ్యాక్టీరియా కణాలు కనిపించాయి. తరచూ శుద్ధి చేసి వాడేవాళ్ల స్పాంజీలు కూడా అంత మెరుగ్గా లేవు. అవన్నీ రోగం తెచ్చేవి కాకపోవచ్చు, కానీ ఎప్పుడూ తడిగా ఉండే వస్తువుతో సింకును శుభ్రం చేస్తున్నామని అనుకోవడం పొరపాటు. కొబ్బరి పీచు మేలన్నది నా అభిప్రాయం. నీళ్లు పట్టి ఉంచదు, గంటలో ఆరిపోతుంది, పాడైతే మట్టిలో కలుస్తుంది. రాత్రి పని అయ్యాక సింకును పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం అన్ని మందుల కన్నా ముందు రావాల్సింది. ఆరిన చోట జిగురు కట్టదు, చుక్కలు మిగలనిచోట సున్నం పేరదు, బొద్దింకకు తాగడానికి నీళ్లు దొరకవు.

బొద్దింకలంటే గుర్తొచ్చింది, సింకు జాలీలో కలరా ఉండలు వేసే అలవాటు వెంటనే మానాలి. నాఫ్తలీన్ ఉండలవి. చిన్నపిల్లలు మిఠాయి అనుకుని నోట్లో వేసుకుంటారు. జీ-6-పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో ఆ పదార్థం ఎర్ర రక్తకణాలను చితికిపోయేలా చేస్తుంది. ఆ ఆవిరి గిన్నెల మధ్య, తినే పళ్లాల మధ్య రోజంతా తిరుగుతూ ఉంటుంది. వాసనను కప్పడానికి వాడే ఈ వస్తువు యాసిడ్ కన్నా సాధువుగా కనిపిస్తుంది గానీ, వంటింట్లో దానికి చోటే లేదు.

పాతకాలపు వస్తువులను కూడా ఇదే కన్నుతో చూడాలి. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, జిడ్డుతో కలిసి కాస్త సబ్బవుతుంది, అందుకే మన అవ్వల బోకులు అంత మెరిసేవి. కానీ అవి ఇత్తడి, కంచు, మందపాటి ఇనుము. స్టీలు సింకు మీద బూడిదలోని ఇసుక పలుకులు గీతలు పెడతాయి. పైగా ఇప్పుడు పొయ్యిలో ప్లాస్టిక్ కవరో, రంగు పూసిన చెక్కో కాలి ఉంటే ఆ బూడిదను గిన్నెకు తాకించకూడదు. బూడిద నీళ్లలో కలిపి, తేరినాక పై తేట తీసి వాడితే గీతలుండవు. కుంకుడు కాయ సంగతి మెరుగు. దానిలోని సపోనిన్లు ఉప్పునీళ్లలోనూ నురగ ఇస్తాయి, మామూలు సబ్బులా కాల్షియంతో కలిసి తెల్ల తెట్టు కట్టవు. నానబెట్టి, పిసికి, వడకట్టిన రసం సింకుకు హాయిగా వాడవచ్చు. అయితే రెండో రోజుకే పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి. సహజం కాబట్టి ఎవరికీ హాని లేదనుకోవడం కూడా సరికాదు. సపోనిన్లు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి, ఇలాంటి కాయలు నలిపి నీటిలో వేసి చేపలు పట్టే పద్ధతి చాలా దేశాల్లో ఉండేది.

బెంగళూరు అపార్ట్‌మెంట్ల నుంచి హోసూరు దాకా పాకిన మరో పద్ధతి బయో ఎంజైమ్. బెల్లం ఒక వంతు, నిమ్మ, బత్తాయి తొక్కలు మూడు వంతులు, నీళ్లు పది వంతులు, మూడు నెలలు పులియబెట్టడం. థాయ్‌లాండ్‌కు చెందిన డాక్టర్ రోసుకాన్ పూంపన్‌వోంగ్ దీన్ని ప్రపంచమంతటా ప్రచారం చేశారు. మొదటి నెలలో రోజూ మూత కాస్త వదులు చేయాలి, లేకపోతే గ్యాస్‌కు సీసా పగులుతుంది. దానికి అంటగట్టే గొప్పలన్నీ నేను ఒప్పుకోను. అందులో ముఖ్యంగా పనిచేసేది పులిసినప్పుడు పుట్టే ఆమ్లం, అంటే తేలికపాటి వెనిగర్ లాంటిదే. కాబట్టి కడప బండ మీద దీన్నీ వాడకూడదు. కానీ చెత్తలో పోయే తొక్కలు వాడుకలోకి రావడం, ప్లాస్టిక్ సీసాలు తగ్గడం నిజమైన లాభాలు. వాడేవాళ్లను ప్రోత్సహించాల్సిందే.

సింకు నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయన్నది హోసూరు వాళ్లకు వేరెవరూ చెప్పనక్కరలేదు. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హొసకోట మీదుగా, బెంగళూరు తూర్పు అంచున దిగివస్తూ, బెళ్లందూరు, వర్తూరు చెరువుల నుంచి పొర్లే మురుగును కలుపుకుని హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. గేట్లు ఎత్తిన రోజుల్లో ఏటి మీద తెల్లటి నురగ గుట్టలుగా లేచి పొలాల అంచుల దాకా రావడం ఇక్కడి రైతులు ఎన్నోసార్లు చూశారు. బెళ్లందూరు చెరువు మీది నురగకు 2015లో నిప్పంటుకున్న సంగతి దేశమంతా చదివింది. ఆ నురగలో వంటింటి సబ్బు కూడా ఉంది.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. 1950లలో యూరప్, అమెరికా నదులు ఇలాగే నురగలు కక్కాయి. అప్పటి డిటర్జెంట్లలోని కొమ్మలు తీరిన అణువులను బ్యాక్టీరియా తినలేకపోయేది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసింది, అమెరికా పరిశ్రమ 1965 నాటికి సూటి గొలుసున్న అణువులకు మారింది. మన గిన్నెల సబ్బుల్లోనూ ఎక్కువగా ఉండేది ఆ రెండో రకమే. దాన్ని బ్యాక్టీరియా తినగలదు, కానీ అందుకు ఆక్సిజన్ ఉన్న నీరు, కొంత వ్యవధి కావాలి. మురుగుతో కుళ్లిన చెరువులో ఆక్సిజన్ ఉండదు. తినబడని డిటర్జెంటు అడుగు బురదకు పట్టుకుని పేరుకుంటుంది, పెద్ద వాన పడి బురద కదలగానే నీళ్లలోకి వచ్చి నురగవుతుంది. బెళ్లందూరు మీద పనిచేసిన బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు వివరించిన తీరు ఇది. బెంగళూరు మురుగుతో పోలిస్తే మన ఇంటి సబ్బు ఎంత అని తోసిపుచ్చడం నాకు నచ్చదు. హోసూరు దాటిన నీళ్లు కృష్ణగిరి ఆనకట్టకు పోతాయి, అక్కడి నుంచి సాత్తనూరు, చివరికి కడలూరు. మనకు ఎగువన బెంగళూరు ఎలాగో, కృష్ణగిరి వరిమళ్లకు మనం అలాగే. మురుగు శుద్ధి ప్రభుత్వాలు చేయాల్సిన పని, అడగాల్సిందే. ఇంట్లో చేయగలిగింది సబ్బు తగ్గించడం. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువని లేదు. ముందే తుడిచిన గిన్నెకు ఇప్పుడు వాడేదాంట్లో సగం చాలు. సింకు నీళ్లు పెరటి అరటికి పోయే ఇళ్లలో బ్లీచింగ్, బట్టల సోడా రెండూ తగ్గించాలి. సోడియం చేరిన మట్టి గట్టిపడి నీళ్లు ఇంకనివ్వదు.

అసలు బ్లీచింగే వద్దా అంటే, అలాగని అనను. ఇంట్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు వెనిగర్, నిమ్మరసం మీద భరోసా పెట్టకూడదు. సబ్బుతో కడిగాక, బాగా నీళ్లు కలిపిన బ్లీచింగ్ ద్రావణం పోసి, పది నిమిషాలాగి కడిగేయడమే సరైన పని. కిటికీ తెరిచి ఉండాలి. దానితో ఏ పులుపూ కలపకూడదు. బ్లీచింగ్, ఆమ్లం కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది, ఇరుకు వంటింట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒక మందు పనిచేయలేదని కడగకుండానే ఇంకొకటి పోసే తొందరలోనే ఈ ప్రమాదాలు జరుగుతాయి. కోడిమాంసాన్ని సింకులో కొళాయి కింద కడగడం మానేస్తే సగం భయం ముందే పోతుంది. చిందే తుంపర్లతో క్రిములు గట్టు మీది కూరగాయల దాకా పాకుతాయి. గిన్నెలో నీళ్లు తీసుకుని మెల్లగా కడిగి, ఆ తర్వాత సింకును సబ్బుతో, వేడినీళ్లతో కడగాలి.

ఇక ఆ అరగంట ఎవరివ్వాలన్న సంగతి. ముందు శుభ్రం చేసేవాళ్ల ఒంటికి ఏమవుతుందో చూడాలి. 2018లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 6,235 మంది ఊపిరితిత్తుల పనితీరును 20 ఏళ్ల పాటు గమనించిన లెక్కలు ప్రచురించారు. ఇంట్లో గానీ, ఉద్యోగంగా గానీ శుభ్రం చేసే పని చేసిన ఆడవాళ్లలో ఊపిరితిత్తుల శక్తి, చేయనివాళ్ల కన్నా వేగంగా తగ్గిందని తేలింది. మన దగ్గర యాసిడ్ సీసా కొనేవాళ్లు ఒకరు, దాన్ని వంగి పోసి, ఆ ఆవిరి పీల్చి, ఉత్త చేతులతో రుద్దేవాళ్లు మరొకరు. హోసూరులో ఐదారిళ్లు తిరిగే పనిమనిషికి ఒక్కో సింకు దగ్గర దొరికేది ఇరవై నిమిషాలు. వెనిగర్ గుడ్డ చుట్టి పాతిక నిమిషాలు ఆగమని ఆమెకు చెప్పడం న్యాయం కాదు. చెప్పినా ఆగలేదు, తర్వాతి ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారు. ఆ వ్యవధి ఇచ్చుకోవాల్సింది ఇంటివాళ్లు. రాత్రే సంగటి గిన్నెలో నీళ్లు పోసి, బాణలి తుడిచి, ఎంగిలి మెతుకులు ఏరి చెత్తలో వేసి, ఆదివారం ఆమె వచ్చే అరగంట ముందు కొళాయికి గుడ్డ చుట్టి ఉంచితే, వచ్చిన మనిషికి రుద్ది కడగడమే మిగులుతుంది. అంత చేసే ఇంట్లో యాసిడ్ సీసాతో పని పడదు. చేతితొడుగులు కూడా ఇంటివాళ్లే కొనాలి, కొనే ముందు ఆమె చేతి కొలత అడగాలి. వదులు తొడుగుల్లో గిన్నె జారుతుంది, రెండో రోజే తీసి కిటికీలో పెట్టేస్తారు.